ఫోటోకు బిల్లొస్తది.. స్లాబుకు బలం రాదు

ఇప్పుడు తెలంగాణల ఏ ఊరికి పోయినా వాడకు నాలుగు కంకర కుప్పలు, రెండు ఇసుక కుప్పలు కనబడుతున్నయ్. ఇందిరమ్మ ఇండ్ల పనులు నడుస్తున్నయ్. టీవీలల్ల, అసెంబ్లీల, రచ్చబండ కాడ ఈ ఇండ్ల మీద ముచ్చట మాత్రం రెండు మాటల కాడనే ఆగుతున్నది. ఎవలకు వచ్చింది, ఎవలకు రాలే? బిల్లు పడ్డదా, పడలేదా? రెండూ అడగాల్సినవే, కాదనను. అయితే ఇల్లు వచ్చినోళ్లు కట్టుకుంటున్న ఇల్లు గట్టిదేనా, ఇరవై ఏండ్లకు గూడ ఆ స్లాబు కింద నిమ్మళంగ పండుకోవచ్చా అన్నది అధికార పార్టీ అడుగుతలేదు, ప్రతిపక్షం అడుగుతలేదు. నేను సివిల్ డిప్లొమా చదివి పదిహేనేండ్ల సంది చిన్న చిన్న ఇండ్ల పనులే చూస్తున్న. పెద్ద బిల్డింగుల జోలికి పోలే. అందుకే నా కండ్లు ముందుగాల బిల్లు మీదికి పోవు, సెంట్రింగు మీదికి పోతయ్.

2024 మార్చి 11న భద్రాచలంల ఈ పథకం మొదలువెట్టిండ్రు. నియోజకవర్గానికి 3,500 ఇండ్లు, ఇంటికి 5 లక్షలు. జాగ సొంతంగ ఉన్నోళ్లే కట్టుకోవాలె. ఇల్లు 400 చదరపు అడుగులకు తక్కువ కావద్దు, 600 దాటద్దు. పైసలు నాలుగు తీర్ల వస్తయని మొదలు చెప్పిన లెక్క: బేస్మెంటు అయినంక లక్ష, గోడలు లేచినంక లక్షా 25 వేలు, స్లాబు పడ్డంక లక్షా 75 వేలు, ఇల్లు మొత్తం అయినంక ఆఖరి లక్ష. ప్రతి దశల ఇంటి ముంగట ఫోటో దిగాలె, అది యాప్‌ల ఎక్కాలె, అప్పుడు ఖాతాల పడతయ్.

దీనికి ముందు డబుల్ బెడ్రూం ఇండ్లు వేరే తీరు. 560 చదరపు అడుగుల ఇల్లు, కట్టుడు కాంట్రాక్టరు పని. అవి ఎన్ని కట్టిండ్రు, ఎన్ని ఇచ్చిండ్రు అన్నది వేరే పంచాయితీ. అక్కడ గోడ పగిలితే కాంట్రాక్టరును పట్టుకోవచ్చు, పేపర్ల రాయచ్చు. ఇప్పుడు ఓనరు మనమే, కాంట్రాక్టరు మనమే, ఇంజినీరు గూడ మనమే. ఎవని ఇల్లు వాడు ఇష్టమొచ్చినట్టు కట్టుకునుడు మంచిదే. డబుల్ బెడ్రూం కంటే నాకు ఇదే నచ్చుతది. అయితే సర్కారు 5 లక్షలతోని పాటు ఇంజినీరు పని గూడ కూలి చేసుకునే కుటుంబం నెత్తిన పెట్టింది, ఆ పని నేర్పుడు మాత్రం మర్చిపోయింది. మండలానికొక మోడల్ ఇల్లు కడుతున్నం, మేస్త్రీలకు ట్రైనింగ్ ఇస్తున్నం అన్నరు. మోడల్ ఇల్లు పోయి చూస్తే రంగు కనబడతది, లోపలి సలాక కనబడతదా?

అసలు తిరకాసు ఫోటో కాడ ఉన్నది. ఫోటోల ఎత్తు కనబడతది గని బలం కనబడది. బేస్మెంటు లేచిందని తెలుస్తది, దాని కింద మొరం దాకా తవ్విండ్రా లేదా తెల్వది. స్లాబు పడ్డదని తెలుస్తది, దానికి నీళ్లు పట్టిండ్రా లేదా తెల్వది. ఎత్తు లేస్తే పైసలు వస్తయంటే మనిషి ఎత్తు కోసమే ఉరుకుతడు. ఇండ్ల పనిల ఉరకకూడని జాగలు నాలుగైదు ఉన్నయ్. మనోళ్లు సరిగ్గ ఆ జాగలల్లనే ఉరుకుతున్నరు.

ఉరుకుడు ఊకెనే రాదు. మొదటి లక్ష బేస్మెంటు అయినంకనే వస్తది. మరి బేస్మెంటు కట్టేటందుకు పైసలు ఏడికెళ్లి రావాలె? నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తున్నరు. లక్ష తెస్తే నెలకు మూడు వేలు. బిల్లు రెండు నెలలు ఆగితే ఆరు వేలు పోయినట్టే. బస్తా 300 పైచిలుకు వేసుకున్నా ఆ ఆరు వేలు పద్దెనిమిది బస్తాల సిమెంటు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ దిగిన పైసలను మించి మిత్తి తింటున్నది. ఇంటాయన రోజూ లెక్క వేసుకుంటడు: ఇంకో వారం ఆగుదామంటే ఇంకో ఏడెనిమిది వందల మిత్తి. అట్లాంటోనికి పోయి "నీళ్లు పట్టుడు పది రోజులు ఆపద్దు అన్నా" అంటే మర్యాదకు తల ఊపుతడు గని, లోపల మిత్తి మీటరు తిరుగుతనే ఉంటది.

గందుకే నా మొదటి సలహా సిమెంటు గురించి కాదు, కొలత గురించి. 600 అడుగులు కట్టచ్చన్నరు గదా అని అందరూ 600కే ముగ్గు పోసుకుంటున్నరు. 5 లక్షలను 600తోని భాగిస్తే అడుగుకు 833 రూపాయలు. మా దిక్కు సామాను, కూలి కలుపుకొని అడుగుకు పదిహేను వందల కింద ఏ మేస్త్రీ మాట్లాడతలేడు. అదే 400 అడుగులైతే అడుగుకు 1,250 వస్తయ్. అప్పుడు గూడ కొంత చేతిల పైసలు పడతయ్ గని, అప్పు మెడ దాకా రాదు. ఒక అర్ర, ఒక హాలు, వంటిల్లు, బాత్రూం 400 అడుగులల్ల మంచిగనే వస్తయ్. జాగ ఉన్నోళ్లు రేపు ఇంకో అర్ర కలుపుకునేటట్టు ఒక దిక్కు వదిలిపెట్టుకోవాలె, ఆ దిక్కు గోడల దర్వాజ రావాల్సిన కాడ మీద లింటల్ వేసి కింద ఇటుకతోని మూసుకుంటే రేపు గోడ పగలగొట్టే బాధ ఉండది. ఇరుగు పొరుగోళ్లది 600 ఉన్నదని మనం 600 కట్టి, గిలాబు లేకుంట, కిటికీలకు తలుపులు లేకుంట అయిదేండ్లు ఉండుడు ఏం గొప్ప? అట్ల ఇనుప కిటికీలకు చీరెలు కట్టుకొని ఉంటున్న ఇండ్లు ఏ ఊర్ల లేవు చెప్పుండ్రి.

ఇగ పునాది. తెలంగాణల నేల ఊరూరికి మారుతది, ఒక్కోసారి ఒకే వాడల మారుతది. ఎర్ర నేల, మొరం నేల అయితే అదృష్టం. మూడు నాలుగు అడుగులల్ల గట్టిది తగులుతది. ఆదిలాబాద్ దిక్కు, వికారాబాద్, జహీరాబాద్ దిక్కు నల్లరేగడి ఎక్కువ. రేగడి వానకాలం ఉబ్బుతది, ఎండాకాలం నెర్రెలు విచ్చుతది. చేన్ల నెర్రెల్లో చెయ్యి పెట్టి చూసినోళ్లకు నేను చెప్పేదేం లేదు. ఆ నేల మీద రెండు అడుగులు తవ్వి రాయి కడితే, గోడ మూలకెళ్లి కిటికీ కాడికి ఏటవాలుగ పగులు వస్తది. ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్ల వస్తనే ఉంటది, ఎందుకంటే పగిలేది గోడ కాదు, కింద నేల కదులుతున్నది. రేగడి దాటి గట్టి నేల తగిలేదాకా పోవాలె. అంత లోతు పోయే స్తోమత లేకుంటే ఏఈని అడిగి గుంతల పిల్లర్లు వేసి, మీద చుట్టూ ప్లింత్ బీము కట్టుకోవాలె. చుట్టూ మూడు అడుగుల వెడల్పు సిమెంటు గచ్చు బయటికి వాలుగ పోసుకుంటే వాన నీళ్లు పునాదిల్లకు దిగవు. ఇది ఇంటి మొత్తం ఖర్చుల చిన్న పని. అందరూ ఆఖరికి పైసలు అయిపోయినయని దాన్నే వదిలిపెడతరు. పూడ్చిన బాయి మీద, పెంటకుప్ప ఉన్న జాగ మీద కడుతున్నమంటే మాత్రం నలుగురు పెద్దమనుషులను అడిగి ఆ బాయి ఏడ ఉండెనో గుర్తుపట్టి, గోడ దాని మీదికి రాకుంట ముగ్గు పోసుకోవాలె.

బేస్మెంటు నింపుడు గూడ చెప్పాలె. ఫోటో కోసం గోడ కట్టుడు అయితనే ట్రాక్టర్ల మట్టి తెచ్చి ఒక్కతీరుగ నింపి పైన చదును చేస్తున్నరు. కొందరైతే చెరువు నల్లమట్టినే పోస్తున్నరు. అది చేనుకు మంచిదే గని ఇంటి కింద పనికిరాదు. మొరం పోయాలె. ఆరు ఇంచులు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతోని కొట్టి, మళ్ల ఆరు ఇంచులు పోయాలె. రెండు వానలు పడనిస్తే ఇంకా మంచిది. అట్ల చెయ్యకుంటే ఇల్లు పడిపోదు గని, రెండేండ్లకు టైల్సు కింద డొల్ల అయితది, మూలకు నేల కుంగుతది. కుంగిన అర్రల మంచం నాలుగు కోళ్లు ఆనవు.

గోడల కాడ ఒక మూఢనమ్మకం ఉన్నది, పిల్లర్లు లేకుంటే ఇల్లే కాదని. గట్టి నేల మీద ఒక్క అంతస్తు ఇంటికి, తొమ్మిది ఇంచుల గోడలు కట్టి, పునాది మీద ఒక బీము, లింటల్ లెవెల్‌ల చుట్టూ తెగకుంట ఇంకో బీము తిప్పితే పిల్లర్ల అవసరం లేదు. గోడలే బరువు మోస్తయ్. నాలుగున్నర ఇంచుల గోడ కడతామంటే మాత్రం పిల్లర్లు ఉండాల్సిందే. ఇప్పుడు మనోళ్లు చేస్తున్నదేంది? పన్నెండు పిల్లర్లు వేస్తున్నరు, వాటిల్ల సలాక సన్నది పెడుతున్నరు, కంకర చేతితోని కలిపి పోస్తున్నరు, డబ్బాలు విప్పితే కంకర పండ్లు ఇకిలించినట్టు కనబడతది. దాని మీద సిమెంటు పూసి మూస్తున్నరు. తక్కువ పిల్లర్లు మంచిగ పోసుడు, ఎక్కువ పిల్లర్లు కంతలతోని పోసుడు, రెండిట్ల ఏది బలమో ఆలోచించుండ్రి. ఇటుక రెండు తీసుకొని ఒకదానికొకటి కొట్టి చూడాలె, కంచు మోగినట్టు మోగాలె. మూడు నాలుగు అడుగుల ఎత్తుకెళ్లి నేల మీద ఇడిసిపెడితే పగలద్దు. మట్టి ఇటుకను కట్టే ముందు నీళ్లల్ల నానబెట్టాలె. లేకుంటే సిమెంటు మాలుల ఉన్న నీళ్లన్నీ ఇటుకే తాగి, మాలు పిండి పిండి అయితది.

సలాక కొనేటప్పుడు దుకాణంల కంపెనీ పేరు అడుగుతరు, బరువు ఎవలూ అడుగరు. 12 మీటర్ల సలాక ఒకటి, 8 ఎంఎం అయితే నాలుగు కిలోల 700 గ్రాముల పైన ఉండాలె, 10 ఎంఎం అయితే ఏడు కిలోల 400 గ్రాములు, 12 ఎంఎం అయితే పది కిలోల 650 గ్రాములు. కొంచెం అటూ ఇటూ ఉంటది, అది మామూలే. పది సలాకలు కాంటా మీద పెడితే పది కిలోలు తక్కువ వచ్చిందంటే అది 12 ఎంఎం కాదన్నట్టే. లెక్కతోని కొన్నోడు తూకం వేయాలె, తూకంతోని కొన్నోడు లెక్కవెట్టాలె. మక్కలు అమ్మేటప్పుడు కాంటా కాడ కిలో కిలో కోసం కొట్లాడే రైతు, సలాక కాడ ఎందుకు ఊకుంటడో నాకు సమజ్ కాదు.

ఇగ స్లాబు. మొత్తం ముచ్చటకు ఇదే గుండెకాయ. గోడ పగిలితే మళ్ల కట్టుకోవచ్చు, స్లాబు మళ్ల పోసుకోలేం. 600 అడుగుల ఇంటికి అయిదు ఇంచుల స్లాబు అంటే సుమారు 250 ఘనపు అడుగుల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాలు కలిపితే 57 బస్తాల దాకా పడతయ్. ఒకటికి రెండు, నాలుగు కలిపితే 45 బస్తాలతోని అయిపోతది. మేస్త్రీలల్ల చానామంది ఇప్పటికీ ఈ రెండోదే కలుపుతున్నరు, వాళ్ల పెద్దోళ్లు నేర్పింది అదే. తేడా పన్నెండు బస్తాలు, నాలుగు వేల లోపట. దేశంల సలాక వేసే కాంక్రీటు ఎట్ల ఉండాలని ఐఎస్ 456 అని ఒక పుస్తకం ఉన్నది, అందుల స్లాబుకు ఎం20 కంటే తక్కువ వద్దని రాసి ఉన్నది. ఒకటికి ఒకటిన్నర, మూడు అంటే అదే. స్లాబు బిల్లు లక్షా 75 వేలు. అందుల నాలుగు వేలకు వెనుకకు పోయే కాడ జర ఆలోచించాలె.

సిమెంటు తక్కువ చేసినదాని కంటే నీళ్లు ఎక్కువ చేసుడే ఇంకా ఎక్కువ చెడగొడతది. బస్తా సిమెంటుకు 30 లీటర్లు దాటద్దు. 20 లీటర్ల పెయింటు బకెట్‌తోని బకెటిన్నర. ఇసుక తడిగ ఉంటే ఇంకా తక్కువ. మిల్లర్ కాడ పైపు వదిలిపెట్టి పోస్తున్నరంటే అక్కడ లెక్క లేనట్టే. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు జారుగ ఉంటది, తట్టలు మోసేటోళ్లకు సులువు, చదును చేసేటోనికి సులువు. ఆరినంక ఆ నీళ్లు ఉన్న జాగంతా సన్న సన్న రంధ్రాలు అయితయ్. వానకాలం స్లాబు ఉరుస్తున్నదని మనం తారు పూస్తం, కెమికల్ పూస్తం. ఉరిసేది ఆ రోజు పైపులకెళ్లి పోసిన నీళ్ల పుణ్యం. మిల్లర్ కాడ ఇంటి మనిషి ఒకలు బకెట్ పట్టుకొని నిలబడాలె. ఆ రోజు యాటను కోసుడు, వంటలు చేసుడు అన్నీ ఉంటయ్, ఇంటోళ్లంతా పొయ్యి కాడనే ఉంటరు. మటన్ రేపు తినచ్చు, మిల్లర్ మళ్ల రాదు. వైబ్రేటర్ కిరాయికి తేవాలె. దాని వైరు అతుకులు లేనిది ఉండాలె, తడి కాంక్రీటుల నిలబడి కరెంటు షాకుతోని పోయిన కూలోళ్లు ఉన్నరు.

పోసే ముందు సెంట్రింగు మీదికి ఎక్కి ఒక అరగంట చూడాలె. సలాక రేకును తాకి ఉన్నదా, లేచి ఉన్నదా? కింద ముప్పావు ఇంచు కాంక్రీటు రావాలె, దానికోసం సిమెంటు బిళ్లలు పెడతరు. బిళ్లలు లేకుంటే సలాక రేకుకు అతుక్కొని, పదేండ్లకు తుప్పు పట్టి, ఉబ్బి, కింది పెచ్చు మంచం మీద పడతది. పాత బడులల్ల, పాత పంచాయతీ ఆఫీసులల్ల పైకి చూడుండ్రి, సలాక బయటికి కనబడతది. అది వయసు మీద పడ్డ రోగం కాదు, పోసిన రోజు వచ్చిన రోగం. కరెంటు పైపులు, ఫ్యాను హుక్కులు అప్పుడే పెట్టుకోవాలె. స్లాబు పడ్డంక సుత్తి, శానం పట్టుకునుడు మంచిది కాదు.

సజ్జ గురించి గట్టిగ చెప్పాలె. ఇంటి లోపలి స్లాబుకు సలాక కింది దిక్కు ఉండాలె, గోడ బయటికి వచ్చిన సజ్జకు మాత్రం పై దిక్కు ఉండాలె. సజ్జ వంగేది కిందికి, సాగేది పై అంచు. కట్టేటప్పుడు సలాక పైననే కడతరు. పోసేటప్పుడు తట్టలు మోసేటోళ్లు దాని మీదనే నడుస్తరు, అది కిందికి పోతది, మీదికెళ్లి కాంక్రీటు పడతది, ఇగ ఎవలకూ కనబడది. పనోళ్లు నడిచేటందుకు చెక్కలు వేయాలె, సజ్జ కాడికి వచ్చినప్పుడు ఒకలు కొక్కెంతోని సలాక పైకి పట్టుకోవాలె. సజ్జల కింద పొద్దుగాల ముసలోళ్లు కూసుంటరు, పిల్లలు ఆడుకుంటరు. ఈ ఒక్క పని తప్పితే మిగతా ఇల్లు ఎంత బాగున్నా పనికిరాదు.

సెంట్రింగు విప్పుడు దగ్గర ఇంకో తొందర. రేకులు, కట్టెలు కిరాయివి. సెంట్రింగు ఆయనకు ఇంకో ఊర్ల స్లాబు ఉంటది. వారానికే వచ్చి విప్పుతనంటడు. ఐఎస్ 456 ప్రకారం చూస్తే 15 అడుగుల లోపు స్లాబు కింద కట్టెలు 7 రోజులు, అది దాటితే 14 రోజులు, బీముల కింద 14 రోజులు తక్కువల తక్కువ. ఇవి మామూలు సిమెంటుకు, మంచిగ నీళ్లు పట్టిన కాడ చెప్పిన లెక్కలు. మనకు ఊర్లల్ల దొరికేది ఎక్కువ పీపీసీ, బూడిద కలిపిన సిమెంటు. అది చెడ్డది కాదు, ఇంటికి మంచిదే, అయితే బలం నిమ్మళంగ పడతది. గందుకే నేను ఎవలకైనా రెండు వారాల ముందు కట్టె ముట్టద్దంటా. సెంట్రింగు ఆయనతోని మాట మాట్లాడుకునే రోజే "పదిహేను రోజులకు విప్పాలె, కిరాయి గింత" అని కాయితం మీద రాసుకోవాలె. తర్వాత అడిగితే రోజుకు గింతని ఎక్కువ అడుగుతడు, అది ఆయన తప్పు గాదు, ఆయన బతుకు అది.

నీళ్లు పట్టుడు ఖర్చు లేని పని అనుకుంటరు, ఖర్చు ఉన్నది. స్లాబులు ఎక్కువ పడేది మార్చి నుంచి మే దాకా. బోర్లు ఎండేది, నల్లా సన్నగ వచ్చేది గూడ అప్పుడే. 600 అడుగుల స్లాబు మీద మడులు కట్టి రెండు ఇంచులు నింపాలంటే 2,800 లీటర్లు కావాలె. ఎండకు రోజుకు ఒక సెంటీమీటరు ఇంకినా 550 లీటర్లు మళ్ల పోయాలె. ఒకటి రెండు ట్యాంకర్లు తెచ్చుకునే పైసలు స్లాబు లెక్కలనే కలుపుకోవాలె. మామూలు సిమెంటుకు 7 రోజులు, పీపీసీకి, ఎండలకు 10 రోజులు తక్కువ కావద్దు. నీళ్లు తక్కువున్న కాడ వరిగడ్డి పరిచి తడిపితే ఆగుతది. పిల్లర్లకు గోనె సంచులు చుట్టి తడపాలె. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి పైపు కొట్టి ఫోటో దిగితే అది నీళ్లు పట్టుడు కాదు. నడిపొద్దుల ఆరితే బలం అక్కడనే ఆగుతది.

ఈ ఇండ్లు ఆడోళ్ల పేరు మీదనే ఇస్తున్నరు. కాయితం మీద ఓనరు ఆమెనే. మేస్త్రీ మాట్లాడేది మాత్రం ఆయనతోని, సిమెంటు దుకాణపాయన మాట్లాడేది ఆయనతోని. బిందెలతోని నీళ్లు మోసి స్లాబు తడిపేది మళ్ల ఆమెనే. ఇల్లు బలంగ ఉండుడుల సగం పని ఆమె చేతిల ఉన్నది. సర్కారు అవగాహన సదస్సు అంటూ పెడితే మగోళ్లను కూసోబెట్టి పథకం గొప్పలు చెప్పుడు గాదు, ఆమెకు పది రోజుల లెక్క చెప్పాలె. మహిళా సంఘం మీటింగుల ఒక్క గంట చాలు. నేను రెండు మూడు సంఘాలల్ల చెప్పి చూసిన. ఆడోళ్లు అడిగే ప్రశ్నలు మగోళ్లు అడగరు. "సలాక తుప్పు ఉంటే ఏమైతది సారూ" అని ఒకామె అడిగింది. పైపైన ఎర్రగ ఉంటే గోనెతోని రుద్దితే చాలు, పొరలు పొరలుగ లేస్తే ఆ సలాక వద్దని చెప్పిన.

మేస్త్రీలను తిట్టుడు నాకు ఇష్టం లేదు. ఊర్లల్ల ఒక్కొక్క సుతారి చేతిల ఇప్పుడు ఏడెనిమిది ఇండ్లు ఉన్నయ్. కూలోళ్లు దొరుకుతలేరు, బీహార్, ఒడిశా కెళ్లి వచ్చినోళ్లతోని నడిపిస్తున్నరు. ఇంటోళ్లు బిల్లు రాలేదని పైసలు ఆపుతరు, ఆయన వేరే ఇంటికి పోతడు. అందుకే ముందే గుత్త మొత్తం ఇయ్యద్దు, అట్లనే చేసిన పనికి పైసలు ఆపద్దు. పునాదికి గింత, గోడలకు గింత, స్లాబుకు గింత, గిలాబుకు గింత అని ఒక తెల్ల కాయితం మీద ఇద్దరు సంతకం పెట్టుకోవాలె. అందుల మిల్లర్, వైబ్రేటర్ ఎవలు తేవాలె, నీళ్లు ఎవలు పట్టాలె, సెంట్రింగు ఎన్ని రోజులకు విప్పాలె అన్నవి గూడ ఉండాలె. కొట్లాటలన్నీ వాటి కాడనే వస్తయ్.

సర్కారు చేయాల్సింది పెద్ద ఖర్చు పని ఏం గాదు. ఇప్పుడు ఏఈ వచ్చేది పని అయిపోయినంక, బిల్లు కోసం. స్లాబు పడ్డంక వచ్చి ఆయన చూసేది ఏముంది, పైన చదును తప్ప? సలాక కట్టినంక, కాంక్రీటు పోయకముందు రావాలె. ఆ ఫోటో యాప్‌ల ఎక్కాలె, "సలాక చూసిన" అని ఏఈ పేరు పడాలె. అప్పుడు స్లాబు కూలితే జవాబు చెప్పేటోడు ఒకడుంటడు. ఒక్క ఏఈకి రెండు మూడు మండలాలు అప్పజెప్పి, వందల ఇండ్లు తిరగమంటే ఆయన గూడ ఏం చేస్తడు? ఖాళీలు నింపకుంట యాప్ పెడితే ఇంజినీరు పని ఫోను చేస్తదా?

పైసల తీరు గూడ మార్చాలె. స్లాబు బిల్లు లక్షా 75 వేలు స్లాబు పడ్డంక గాకుంట, సెంట్రింగు, సలాక అయినంక ఒక లక్ష, స్లాబు పడి పదిహేను రోజులు అయినంక మిగతా 75 వేలు ఇస్తే తొందర సగం తగ్గుతది. ఆ పదిహేను రోజుల నీళ్లకు పైసలు ఇచ్చినట్టు అయితది. సెంట్రింగు రేకులు, మిల్లర్, వైబ్రేటర్ ఊరి మహిళా సంఘానికి లోను మీద ఇప్పిస్తే కిరాయి ఊర్లనే ఉంటది, వారానికే విప్పమని ఎవలూ మీద పడరు. ఇసుక ఉచితం అన్నరు, ట్రాక్టరు కిరాయి మాత్రం ఉచితం కాదు. వాగు దూరమున్న ఊర్లల్ల ఆ కిరాయికి భయపడి రాతి పొడి, మట్టి కలిసిన ఇసుక వాడుతున్నరు. ఇసుకను పిడికిట్ల పట్టి వదిలితే అరచేయికి మట్టి అంటుకుంటే కడిగిందాక వాడద్దు. గాజు గ్లాసుల ఇసుక, నీళ్లు పోసి కలిపి ఒక గంట ఆగుండ్రి, పైన మట్టి పొర మందంగ తేలితే ఆ ట్రాక్టరు వాపస్ పంపుడే.

ఈ నెలల స్లాబు పోసుకునేటోళ్లు ఉంటే ఒకటి చేయుండ్రి. రెండు రోజుల ముందే ఏఈకి ఫోను చేసి "సలాక కట్టినం సారూ, వచ్చి చూడుండ్రి" అని అడుగుండ్రి. వస్తే మంచిది. రాకుంటే సలాక కట్టింది నాలుగు దిక్కుల నుంచి, సజ్జ కాడ దగ్గరికి పోయి, బిళ్లలు కనబడేటట్టు మీ ఫోన్ల ఫోటోలు తీసి ఆయన వాట్సాప్‌కే పంపుండ్రి. స్లాబు మీద రేపు ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల సలాకలు వదిలిపెట్టేటోళ్లు, వాటి మీద సిమెంటు పాలు పూసి, మొదట్ల పలుచటి కాంక్రీటుతోని మూసిపెట్టుండ్రి. లేకుంటే ఆ తుప్పు నీళ్లు సలాక పట్టుకొని పిల్లర్లకు దిగుతయ్.